మాట కలియు చోటు

మన రాజపాళయమున ఒక యింట వంశవృక్షము వ్రాయుచుండగా జరిగిన చిన్న ముచ్చటతో ఈ వ్యాసమును ప్రారంభింతుము. ఆ యింటి పూర్వులు వ్రాసి యుంచిన నోటుపుస్తక మొకటి కలదు. అందలి భాష తెలుగు, అక్షరములు తమిళము. పెన్సిలుతో వ్రాసినవారు మాటకు మాటకు నడుమ ఎడము విడువక ఒక్క బిగువున వ్రాసిపోయిరి. ఒక పుటలో ఇంటి ముత్తవ్వను గూర్చి, ఈమె తల్లిదండ్రి ఫలాని యూరివారు అని యున్నట్లు మేము చదివితిమి. ఆమె పుట్టినిల్లు ఆ యూరే యని నిశ్చయించి చిట్టా వ్రాసికొనుచుంటిమి.

ప్రక్కన కూర్చుండి వినుచున్న అవ్వ నవ్వినది. “అట్లా చదివితే తాత పోయి అమ్మానాయనలు వచ్చి కూర్చుంటారు గదా! అది తల్లిదండ్రి కాదు నాయనా, తల్లి, తండ్రి. తల్లికి తండ్రి,” అన్నది. ఆమె తల్లి అనిన పిదప రవంత నిలిచి, తండ్రి అనుటలో తకారమును గట్టిగా పలికినది. ఆ యొక్క తకారముతో ఒక తరము మారిపోయినది. ముత్తవ్వ పుట్టినిల్లు వేరొక యూరాయెను. మేము వ్రాసికొన్న ఊరు ఆమె మాతామహునిదని తేలినది. ఆ యవ్వకు తెలుగు చదువు రాదు, తమిళపు చదువు రాదు. అక్షరములు దాచుకొనలేని దానిని ఆమె నోరు దాచుకొన్నది.

ఆ నాటినుండి మమ్ము ఒక ప్రశ్న వెంటాడుచున్నది. రెండు మాటలు కలిసి ఒక మాట యగునప్పుడు, అవి కలిసినవని మనకు తెలియజేయున దేది? చెవికి తెలియున దెట్లు, కంటికి తెలియున దెట్లు? వ్యాకరణ పండితులకు ఇది సంధి సమాసముల ప్రకరణము. ఇంట తెలుగు మాటలాడుచు బడిలో తమిళము చదువుకొను మనబోటివారికి మాత్రము ఇది ఇంటి సంగతి.

మనము ఈ నేలకు వచ్చిన కథ అందరెరిగినదే. విజయనగర సామ్రాజ్య కాలమునను, ఆ పిమ్మట మధురనాయకుల కాలమునను తెలుగు కుటుంబములు పెక్కు కావేరిని దాటి, వైగైని దాటి, పడమటి కనుమల యడుగుదాక వచ్చి స్థిరపడినవి. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకునితో మొదలైన మధుర నాయకరాజ్యము 1736లో ముగిసినది. రాజ్యములు పోయినవి; భాష పోలేదు. నేడు విరుదునగరు జిల్లాలో నున్న మన యూరు 1985కు పూర్వము రామనాథపురము జిల్లాలోనిది. 1936లో స్థాపితమైన రాజపాళయము మిల్లుతో నూలు పరిశ్రమ పెరిగి ఊరి రూపు మారినది. జిల్లా పేరు మారినను, జీవనము మారినను, ఇంటిలోని పలుకు మారలేదు. కాని ఆ పలుకునకు వ్రాత లేకపోయినది. పద్దులు తమిళములో, శుభలేఖలు తమిళములో, ఉత్తరములు తమిళములో. తెలుగు నోటికి మాత్రమే మిగిలినది.

మొదట మన యూరి పేరునే తీసికొందము. రాజు, పాళయము అను రెండు మాటలు కలిసి రాజపాళయమైనది. పాళయమనగా సేనలు విడిసిన చోటు. తెలుగున పాళెమనియు అందుము. ఛందశ్శాస్త్రము చెప్పినట్లు అక్షరములను లెక్కింపుడు: రా గురువు, జ లఘువు, పా గురువు, ళ లఘువు, యం గురువు. బరువును తేలికయు ఒకదాని వెంట నొకటి నడచుచు, ఉయ్యాల ఊగినట్లున్నది మన యూరి పేరు. అతుకు ఎక్కడనో చెవి ఇట్టే పట్టుకొనును. రెండవ మాట మరల గురువుతోనే మొదలగుచున్నది. తమిళ సంప్రదాయములో రేఫము మాటకు మొదట నిలువరాదు కనుక, శిష్టమైన వ్రాతలో దానికి ముందు ఒక ఇకారమును చేర్చి ఇరాజపాళైయం అని వ్రాయుదురు. ఆ వ్రాత తప్పు కాదు. ఆ భాష మర్యాద అది. అయినను అయిదక్షరముల పేరు ఆరక్షరములైనది. లిపి మారినచో మాట విరుపు కూడ మారునని తెలిసికొనుటకు మన యూరి పేరే చాలును.

ఇంకొక సంగతి. తెలుగు వ్రాతలో అక్షరము విడిపోవు చోటును, నోటిలో అది విడిపోవు చోటును ఒక్కటి కావు. ముక్త యని వ్రాయునప్పుడు మొదట ము, పిదప క్త. ఒత్తు రెండవ అక్షరము క్రింద వ్రేలాడును. పలుకునప్పుడు మాత్రము ముక్ అని ఆగి, త అందుము. కకారపు బరువు ముకారము మీద పడుచున్నది. అందుచేతనే సంయుక్తాక్షరమునకు ముందున్నది గురువని లాక్షణికులు చెప్పిరి. తమిళ వ్రాతలో కకారమునకు చుక్క పెట్టి విడిగా వ్రాయుదురు గనుక ఆ విరుపు కంటికే కనబడును. ఈ యొక్క విషయమున తమిళ లిపి చెవికి మిక్కిలి దగ్గరగా నున్నదని ఒప్పుకొనక తప్పదు.

ఇక అతుకుల సంగతికి వత్తము. చెన్నపట్టణమున ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడుగా నుండిన పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమును వెలువరించెను. తెలుగువారి నోట సహజముగా నున్న ఒక మర్యాదను ఆయన సూత్రమున బంధించెను. ద్వంద్వ సమాసమున రెండవ మాట మొదటనున్న పరుషములు మెత్తబడును: కకారము గకారమగును, చకారము సకారమగును, టకారము డకారమగును, తకారము దకారమగును, పకారము వకారమగును. కూర, కాయ కలిసి కూరగాయలు; కాలు, చేయి కలిసి కాలుసేతులు; టక్కు, టెక్కు కలిసి టక్కుడెక్కులు; తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులు; ఊరు, పల్లె కలిసి ఊరువల్లెలు. తల్లి యొక్క తండ్రి యను నర్థమున మాత్రము తకారము తకారముగానే నిలుచును. ఆ మెత్తదనమే ఇరువురు సమానులుగా జతగూడిరని చెప్పు గుర్తు. మన యవ్వ చిన్నయసూరి పేరు విని యుండదు. ఆయన సూత్రమును మాత్రము జీవితమంతయు తప్పలేదు. నేడు ఆంధ్రదేశమున సయితము కొందరు తల్లితండ్రులు అని వ్రాయుదురు. అచ్చట అది వ్రాతలోని యలసత. ఇచ్చట మనకు గుర్తే చెరిగిపోవు ప్రమాదము.

తమిళము ఈ పనినే వేరొక విధమున చేయును. అందు మాటలు పెక్కుచోట్ల కలియునప్పుడు రెండవ మాటలోని పరుషము ద్విత్వమగును. దానిని వల్లినం మిగుదల్ అందురు. పూ, కడై కలిసినచో పూక్కడై యగును. అదే పూ శబ్దమునకు తెలుగున తోట చేరినచో పూదోట, తేనె చేరినచో పూదేనె. తమిళము అతుకును బిగించి కట్టును. తెలుగు కరగించి కలుపును. తమిళమున ఆ బిగింపు ఉండుట, లేకుండుటలతో అర్థమే మారును. వేలై కొడుత్తాన్ అనిన పని యిచ్చినాడని అర్థము. వేలైక్ కొడుత్తాన్ అనిన వేలాయుధమును ఇచ్చినాడని అర్థము. తమిళపు బడిలో చదివిన మన పిల్లలందరు ఈ యుదాహరణమును వినియే యుందురు. ఇందులో సొగసైన దేమనగా, తల్లియు తండ్రియు వలె జతపడిన మాటలలో తమిళమును బిగింపును మానుకొనును. ఉమ్మైత్తొగైలో పరుషము ద్విత్వము కాదు. జతపడిన మాటలను మిగిలిన సమాసములనుండి వేరుగా వినవలెనను తలంపు రెండు భాషలకును కలదు. గుర్తులు మాత్రము వేరు.

ఈ రెండు పద్ధతులు ఒక్క పేరున కలిసికొన్న చోటు మన పొరుగుననే యున్నది. మన యూరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరముననున్న శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ పుట్టిన యూరు. తాను ముడిచిన పూలదండను స్వామికి ఇచ్చినది కనుక ఆమెను తమిళులు సూడిక్కొడుత్త నాచ్చియార్ అందురు. సూడి, కొడుత్త అను రెండు మాటల నడుమ కకారము ద్విత్వమైనది. దానితో డికారము గురువైనది. 1509 నుండి 1529 వరకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు ఈ యూరి కథనే తెలుగున మహాకావ్యముగా వ్రాసి, ఆ తమిళపు పేరునకు ఈడుగా ఆముక్తమాల్యద యని పేరు పెట్టెను. ఆముక్త యనగా ధరింపబడిన, మాల్య యనగా పూదండ, ద యనగా ఇచ్చినది. మూడు తునకలు. ఎక్కడ విరువవలెనో తెలియనివానికి అది వట్టి ధ్వని. తెలిసినవానికి ఒక కథ యంతయు ఒక మాటలో నున్నది. తెలుగు సాహిత్యమున మేటియైన యొక కావ్యము మన గుమ్మము ముందటి యూరి కథను చెప్పుచుండగా, మనలో పెక్కురు దాని పేరును సయితము తెలుగక్షరములలో చదువలేకుండుట ఆలోచింపదగినది.

మాటలు కలియుటకును బరువునకును గల సంబంధమును మన ఛందస్సు ఇంకను సూక్ష్మముగా చెప్పినది. మన ప్రజలు అనునప్పుడు, నకారము తరువాత ప్ర అను సంయుక్తాక్షరమున్నను ఆ నకారము లఘువే. ఏలన అవి రెండు వేరు మాటలు. జనప్రియుడు అనునప్పుడు అదే నకారము గురువగును. ఏలన అది ఒక్క సమాసము. ధ్వనులు ఒక్కటే, కలిసినవా విడిగా నున్నవా యనుటను బట్టి బరువు మారును. మన యూరి మహాపురుషుని పేరుననే దీనిని చూడవచ్చును. 1898లో ఇచ్చట జన్మించి, 1949 నుండి 1952 వరకు మద్రాసు ప్రభుత్వమునకు నాయకత్వము వహించి, పిదప ఒరిస్సా గవర్నరుగా పనిచేసి, 1957లో దివంగతులైన వారు పూసపాటి సంజీవి కుమారస్వామి రాజాగారు. కుమారస్వామి యని ఒక్క మాటగా పలికినచో రకారము గురువు. కుమార అని ఆగి స్వామి యనినచో రకారము లఘువు.

తెలుగున మాటలో నొక యక్షరమును ఊది పలుకుటచేత అర్థము మారదు. అయినను మాటకు ఊనిక కావలసినప్పుడు తెలుగు దానిని బరువుగా మార్చును. పగలు పగలు అనునది పట్టపగలు అగును. మొదట మొదట అనునది మొట్టమొదట. నడుమ నడుమ అనునది నట్టనడుమ. తుద తుద అనునది తుట్టతుద. మొదటి మాట మొదటి యక్షరము టకార ద్విత్వముతో గురువై, ఊనిక యంతయు అచ్చట నిలుచుచున్నది. తమిళులును పట్టప్పగల్ అందురు. అంతయు ఒక్కటే; అతుకుచోట ఒక్క పకారము మాత్రము అధికము. తెలుగు బిడ్డ పట్టప్పగలు అనినచో, ఆ యొక్క పకారము తమిళమునుండి వచ్చినదని మనము తెలిసికొనవచ్చును.

ఇప్పుడు నోటుపుస్తకమునకు తిరిగి వత్తము. తమిళ లిపిలో క, గలకు ఒక్కటే యక్షరము. ట, డలకు ఒక్కటే. త, దలకు ఒక్కటే. ప, బలకు ఒక్కటే. మాట మొదట నున్నచో గట్టిగాను, అచ్చుల నడుమ ఒంటిగా నున్నచో మెత్తగాను, ద్విత్వమైనచో మరల గట్టిగాను చదువుదురు. తమిళమునకు ఇది చక్కగా సరిపోవును. తెలుగునకు మాత్రము మెత్తదనము గట్టిదనములు చోటును బట్టి వచ్చునవి కావు. అవి అర్థమును మోయునవి. గసడదవలలో తమిళ లిపి పట్టుకొనగలది నిక్కముగా ఒక్క ప, వల భేదమును మాత్రమే. గ్రంథాక్షరమైన సకారమును వాడినవారు చ, సల భేదమును కూడ నిలుపుకొందురు. మిగిలిన మూడును పోయినట్లే.

ఇంటిపేర్లకును ఇదే గతి. పూసపాటి యనుటలో పాటి యనునది పాడు అను మాటకు షష్ఠీరూపము. ఊరి పేరును ఇంటిపేరుగా మార్చు కీలు ఆ టకారములోనే యున్నది. తమిళ లిపిలో ఒంటి టకారముతో వ్రాసి చదివినచో అది పూసపాడి యగును. మనుష్యుడు మారడు, గౌరవము మారదు. కాని పేరు తన వ్యాకరణమును మరచినది.

ఒక భాష నోట నిలిచి, వ్రాత మాత్రము వేరొక భాషదగుట మనకే జరిగినది కాదు. యూరపు ఉత్తరపు కొననున్న నార్వే దేశము 1380 నుండి 1814 వరకు డెన్మార్కుతో కలిసి యుండెను. ఆ కాలమున పెక్కు తరములవారు ఇంట తమ పలుకు పలుకుచు, చర్చిలోను కచేరీలోను డేనిషు భాషనే చదువుచు వ్రాయుచు వచ్చిరి. ఈవర్ ఓసెన్ అను రైతుబిడ్డ 1842 నుండి 1846 వరకు పల్లెపల్లెకు తిరిగి జనుల నోటి మాటలను సేకరించి, 1848లో వ్యాకరణమును, 1850లో నిఘంటువును ప్రకటించెను. ఆ పలుకుబడులనుండి యేర్పడిన భాషకు 1885లో ఆ దేశపు శాసనసభ పాత వ్రాతభాషతో సమానమగు స్థానమిచ్చినది. నేటికిని ఆ దేశమున రెండు వ్రాతభాషలు కలవు.

ఆ భాషలో సమాసముల నడక మన ప్రశ్నకు మంచి సమాధానము చెప్పును. అందు ఊనిక పడిన యక్షరము గురువై తీరవలెను: అచ్చు దీర్ఘమైన కావలెను, లేదా హల్లు ద్విత్వమైన కావలెను. తాక్ అనిన ఇంటికప్పు. తక్క్ అనిన కృతజ్ఞత. రెండు మాటలు సమాసమైనచో ప్రధానమైన ఊనిక సామాన్యముగా మొదటి మాట మీదనే పడును. రెండవది దానికి లోబడి నడచును. మన పట్టపగలు, మొట్టమొదట వంటి మాటల నడకకు ఇది దగ్గరి చుట్టము. సమాసమును కలిపి వ్రాయుట వారి నియమము. లమ్మెలోర్ అని కలిపినచో గొఱ్ఱెపిల్ల తొడమాంసము. లమ్మె లోర్ అని విడదీసినచో చచ్చుబడిన తొడలు. అంగడి పలకలపై ఎడము తప్పుగా విడిచినచో జనులు నవ్వుకొందురు. మరియొక చక్కని మర్యాద: రాత్రి యను నర్థముగల నత్త్, రైలుబండి యను నర్థముగల తోగ్ కలిసినప్పుడు మూడు తకారములు ఒకచోట చేరును. మూటిని వ్రాయక రెంటితో నత్తోగ్ అని వ్రాయుదురు. పంక్తి చివర ఆ మాటను విరువవలసి వచ్చినప్పుడు మాత్రము పోయిన తకారమును మరల తెచ్చి, రెండు మాటలను వాని పూర్తి రూపములతో నిలుపుదురు. కలిసినప్పుడు ఒదిగిపోయినది, విడిపోవునప్పుడు తన యాస్తిని తాను తీసికొనిపోవును.

దీనినుండి మనము నేర్చుకొనవలసినది కలదు. నార్వేవారికి కలిసిన మాటకును విడి మాటకును భేదమును కంటికి చూపునది ఎడము. మన తెలుగు లిపిలో ఆ పనిని తకారము దకారమగుట చేయుచున్నది. ఎడము తప్పినను అక్షరము కాపాడును. తమిళ లిపిలో తెలుగు వ్రాయునప్పుడు అక్షరము కాపాడలేదు గనుక, మిగిలిన కావలి ఎడమొక్కటే. మన పూర్వులు ఎడమును విడువలేదు. అక్షరమును పోయి, ఎడమును పోయినందున, నోరొక్కటే మిగిలినది.

తమిళనాడు ప్రభుత్వము 2006లో చేసిన తమిళాధ్యయన చట్టమును బట్టి, 2006-07లో ఒకటవ తరగతితో మొదలై ఏటేట ఒక్కొక్క తరగతి చొప్పున తమిళము నిర్బంధ పాఠ్యమైనది. తమిళము నేర్చుట మనకు మేలే గాని కీడు కాదు. అది మన యూరి భాష, మనకు అన్నము పెట్టిన భాష. పైన చూచినట్లు దాని వ్యాకరణము తెలిసినవాడు తెలుగు వ్యాకరణమును మఱింత బాగుగ గ్రహింపగలడు. కాని బడి చేయని పనిని ఇల్లు చేయవలసి యున్నది.

ఆ పని మనము భయపడునంత పెద్దది కాదు. ఇంటి పద్దులు, వంశావళులు, పెండ్లిపాటలు తమిళాక్షరములలో వ్రాయువారు మాటకు మాటకు ఎడము విడువవలెను. సమాసమును మాత్రమే కలిపి వ్రాయవలెను. మెత్తగా పలుకవలసిన అక్షరము క్రింద చిన్న గీత గీయవలెను. పిల్లలకు తెలుగు వర్ణమాల యంతయు ఒక్కసారిగ నేర్ప నక్కరలేదు. క గ, చ జ, ట డ, త ద, ప బ అను ఈ యైదు జంటలతో మొదలు పెట్టినను చాలును. తమిళ లిపి కలిపివేసిన వానిని ఈ పదియక్షరములు విడదీయును. పది యక్షరములు పది సాయంకాలముల పని. ఆ పిదప వానిచేత మొట్టమొదట తల్లిదండ్రులు అను మాటను వ్రాయించుడు.

పెద్దలున్న యిండ్లలో పాత పుస్తకములను వారి యెదుట బిగ్గరగా చదువుడు. వారు నవ్విన చోట ఆగుడు; అచ్చట ఒక తప్పు దొరకును, ఒక్కొక్కప్పుడు ఒక తాత దొరకును. మా నోటుపుస్తకమును సరిదిద్దిన యవ్వ ఇప్పుడు లేదు. ఆ పుటలో ఆమె పలికిన చోట తల్లి, తండ్రి అను రెండు మాటల నడుమ మేము నిలువుగీత నొకదానిని గీసి, ప్రక్కన తెలుగక్షరములతో తకారమును వ్రాసి యుంచితిమి. మా తరువాతివారు ఆ పుటను తెరచినప్పుడు, ఆమె నిలిచిన చోటున వారును రవంత నిలుతురు గాక.